బెంచ్ మీద ఉన్నోడికి అన్నం ఎవరు పెడతారు? రహీం సాబ్ హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న మా దోస్త్ ఒకడు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. వాళ్ల యూనివర్సిటీలో ఫుట్‌బాల్ సీజన్ మొదలవబోతోందట. మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. క్యాంపస్ మొత్తం ఒకటే చర్చ: ఈసారి రన్నింగ్ బ్యాక్‌లు ఎంతమంది ఉన్నారు? రన్నింగ్ బ్యాక్ అంటే బంతిని చంకలో పెట్టుకుని ఎదుటి టీమ్ గోడలోకి దూసుకెళ్లేవాడు. పరిగెత్తిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు మీద పడతారు. మోకాలు పోతుంది, భుజం పోతుంది. అందుకే ఒక్కడుంటే చాలదు, నలుగురైదుగురు ఉండాలి. ఒకటో నంబర్ ఎవరు, రెండు ఎవరు, మూడు ఎవరు అని రాసుకునే లిస్ట్‌ని డెప్త్ చార్ట్ అంటారు.

"మన సిటీలో ఏ టీమ్ గురించైనా జనం ఇట్లా మాట్లాడుకున్నారా?" అని అడిగాడు. నవ్వి "లేదురా" అన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, నేను కూర్చున్నది హైదర్‌గూడలో. ఇక్కణ్ణుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే ఎల్బీ స్టేడియం. పాత పేరు ఫతే మైదాన్. ఒకప్పుడు దేశం మొత్తంలో అందరికంటే డెప్త్ ఉన్న ఫుట్‌బాల్ ఊరు మనదే.

కథలోకి వెళ్లేముందు ఒక చిన్న మాట. నేను బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో చేశాను కదా, అక్కడ నాలుగు నెలలు బెంచ్ మీద ఉన్నాను. కంపెనీ పేరు వద్దులెండి. ప్రాజెక్ట్ లేదు, జీతం వస్తుంది. అప్పుడు సిగ్గుగా ఉండేది. తర్వాత అర్థమైంది, బెంచ్ అంటే కంపెనీ రేపటి కోసం ఇవాళ పెట్టే ఖర్చు. ఆ ఖర్చు పెట్టడం ఆపేస్తే రేపు ప్రాజెక్ట్ వచ్చినా చేసేవాడు ఉండడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం దగ్గరికి వద్దాం. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, స్కూల్ టీచర్‌గా పనిచేశారు. 2024లో వచ్చిన అజయ్ దేవ్‌గణ్ సినిమా 'మైదాన్' ఈయన కథే. సినిమాలో ఎక్కువగా ఇండియా టీమ్ కోచ్‌గా చూపించారు. కానీ దానికి పునాది పడింది ఈ గల్లీల్లో.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్ అయ్యారు. ఆ ఏడాదే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించారు. బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ అయితే 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు మనదే. ఐదేళ్లు ఒకే పదకొండు మంది ఆడరు కదా? ఒకడికి దెబ్బ తగులుతుంది, ఒకడు ఫామ్ పోగొట్టుకుంటాడు, ఒకడు వేరే ఊరు వెళ్లిపోతాడు. అయినా కప్ వస్తూనే ఉందంటే వెనకాల ఇంకో వరస నిలబడి ఉందన్నమాట.

ఇంకో సంగతి చూడండి. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేవు. ప్రపంచ కప్‌లో మ్యాచ్ మధ్యలో ఆటగాణ్ణి మార్చే వీలు వచ్చిందే 1970లో. మరి బెంచే లేని ఆటలో డెప్త్ ఎక్కడుంటుంది? రెండు చోట్ల. ఒకటి, ఒకే మనిషి రెండు మూడు పొజిషన్లు ఆడగలగడం. రెండు, ఊళ్లో పిల్లల్లో.

మొదటిదానికి బెస్ట్ ఉదాహరణ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. ఇండియా కోచ్ రహీం సాబ్. డిఫెన్స్‌లో గోడలాంటి జర్నైల్ సింగ్‌కి టోర్నీ మధ్యలో తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనకాల ఆడిస్తే హెడ్డింగ్ కష్టం. ఇంకో కోచ్ అయితే రెస్ట్ ఇచ్చేవాడేమో. రహీం సాబ్ అతన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనం 2-1తో గెలిచాం. ఒక గోల్ పీకే బెనర్జీది, ఇంకోటి అదే జర్నైల్ సింగ్‌ది.

హైదరాబాదీల్లో యూసుఫ్ ఖాన్ కూడా అట్లాంటోడే. ముందు ఆడమంటే ముందు, వెనక ఆడమంటే వెనక.

రెండోది పిల్లలు. రహీం సాబ్ హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీగా కూడా చేశారు. అప్పుడు ఆయన పెట్టించిన టోర్నమెంట్లు భలే ఉంటాయి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి, అంటే కుడికాలి వాటం ఉన్నోడు ఎడమకాలితో కొట్టాలి. వినడానికి ఆటలా ఉంది కానీ ఆలోచించండి. ఇట్లా పెరిగిన పిల్లాడు లెఫ్ట్‌లోనూ ఆడతాడు, రైట్‌లోనూ ఆడతాడు. ఒక్కడిలో ఇద్దరు తయారవుతున్నారు.

ఇక తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు, పేద కుటుంబం. రహీం సాబ్ ఆట చూసి హైదరాబాద్ రమ్మన్నారు. అమ్ముగూడ ఎక్కడ, ఫతే మైదాన్ ఎక్కడ? రోజూ రావడానికి డబ్బుల్లేవు. రహీం సాబ్ అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ పిల్లాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు. అతనొక్కడే కాదు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, వీళ్లంతా ఆ టీమ్‌లో మన హైదరాబాదీలే. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగేళ్ల ముందు 1952లో హెల్సింకీలో ఇదే ఇండియా యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. అప్పుడూ కోచ్ రహీం సాబే. అంటే ఆయన మాయలు చేయలేదు, ఓడిపోయి నేర్చుకున్నారు.

ఇప్పుడు మా దోస్త్ అడిగిన అమెరికా సంగతికి వద్దాం. మైదానంలో ఉండేది పదకొండు మందే. కానీ అక్కడ పెద్ద కాలేజీ టీమ్‌కి చాలా ఏళ్లపాటు 85 స్కాలర్‌షిప్‌లు ఇచ్చుకునే వీలుండేది. అంటే ఈ సీజన్‌లో ఒక్కసారి కూడా బంతి ముట్టని నాలుగో రన్నింగ్ బ్యాక్‌కి కూడా ఫీజు, హాస్టల్, తిండి గ్యారంటీ. అందుకే వాడు ఓపిక పట్టగలడు.

1950ల హైదరాబాద్‌లో ఆ పని చేసింది పోలీస్ ఉద్యోగం. బాగా ఆడితే యూనిఫామ్, జీతం, ఇంట్లో పొయ్యి మీదకి బియ్యం. గల్లీలో ఆడే పిల్లాడికి ముందు ఒక దారి కనిపించేది. రహీం సాబ్ మెదడు గొప్పదే, కాదనను. కానీ ఆ మెదడు వెనకాల ఒక జీతం రిజిస్టర్ ఉంది.

అమెరికాలో 2018 నుంచి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది. రెండో నంబర్ ప్లేయర్‌కి ఛాన్స్ రాకపోతే పేరు రాయించుకుని వేరే కాలేజీకి పోవచ్చు. మనకి అప్పట్లో పోర్టల్ లేదు, కలకత్తా రైలు ఉండేది. అక్కడ క్లబ్బులు పెద్దవి, జనం ఎక్కువ, పేరు ఎక్కువ. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. 1966లో మహమ్మద్ హబీబ్ వెళ్లాడు. సయ్యద్ నయీముద్దీన్ కూడా అటే. 1970 ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి కాంస్యం వచ్చినప్పుడు కెప్టెన్ నయీముద్దీన్, టీమ్‌లో హబీబ్. ఇద్దరూ హైదరాబాదీలే, పేరు తెచ్చింది మాత్రం కలకత్తా.

రహీం సాబ్ ఉన్నన్నాళ్లు ఇది సమస్య కాలేదు. ఒకడు రైలెక్కితే ఇంకొకడు తయారుగా ఉండేవాడు. 1961లో కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో డ్యూరాండ్ మనమే గెలిచాం. తర్వాత 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో చనిపోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అది ఆయన నాటిన చెట్టుకి కాసిన చివరి కాయ అనుకోవచ్చు. ఆ ట్రోఫీ మళ్లీ మన వైపు రాలేదు. ఇండియా కూడా 1960 రోమ్ తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కి వెళ్లలేదు.

నాకు అనిపించేది ఏంటంటే, రహీం సాబ్ ప్రతి పొజిషన్‌కి బ్యాకప్ తయారు చేశారు, ఆయన కుర్చీకి మాత్రం ఎవరూ బ్యాకప్ పెట్టలేదు. ఆ ఎడమకాలి టోర్నమెంట్లు ఎవరు నడపాలి? ఆ సైకిల్ అద్దె ఎవరివ్వాలి? ఒక మంచి మనిషి జేబులోంచి నడిచిన పని ఆ మనిషితోనే ఆగిపోతుంది.

ఇది పాత కథ అనుకోకండి, మన కళ్ల ముందే మళ్లీ జరిగింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. ఆ సీజన్‌లో ఓగ్‌బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. రెండేళ్లు తిరగలేదు, జీతాలు ఆగాయి. ప్లేయర్లు సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో ఆడారు. 2023-24లో 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు. తర్వాత ఆ టీమ్ ఢిల్లీకే వెళ్లిపోయింది. ఆ కుర్రాళ్లని తప్పు పట్టలేం. వాళ్లు ఎదిగేదాకా పోషించేవాళ్లు లేరు, అంతే.

మా ఏరియాలో చిక్కడపల్లి లైబ్రరీ ముందు నుంచి అశోక్‌నగర్ వరకు పొద్దున్నే నడిస్తే చేతిలో నోట్స్‌తో వేల మంది కనిపిస్తారు. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్. ఊళ్లో అమ్మానాన్నలు పంపే డబ్బుతో, రూమ్‌లో నలుగురు సర్దుకుని, నోటిఫికేషన్ కోసం చూస్తుంటారు. ఇదీ ఒక డెప్త్ చార్టే. కాకపోతే ఈ బెంచ్ ఖర్చు ఇంట్లోవాళ్లు భరిస్తున్నారు. డెబ్బై ఏళ్ల కింద ఇదే వయసు కుర్రాడికి బూట్లు వేసుకుని ఫతే మైదాన్‌లో ఆడితే అదే పోలీస్ ఉద్యోగం వచ్చే దారి ఒకటుండేది.

అందుకే ఏ టీమ్ గురించైనా "డెప్త్ ఉందా?" అని ఎవరైనా అడిగితే, ఒకటో నంబర్ ప్లేయర్ వీడియోలు చూడకండి. నాలుగో నంబర్ వాడు ఈ రాత్రి ఏం తిన్నాడో అడగండి. జవాబు అక్కడే దొరుకుతుంది.

ఈసారి ఎల్బీ స్టేడియం పక్కనుంచి వెళ్తే ఒక్క నిమిషం ఆగండి. అద్దె సైకిల్ మీద అమ్ముగూడ నుంచి వచ్చిన ఆ పిల్లాణ్ణి తలుచుకోండి. సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.