వ్యాయామ శిక్షకులలో స్థూలకాయ వివక్ష

స్థూలకాయ వివక్ష అనగా శరీర బరువును బట్టి మనిషిని సోమరి అనీ, నిగ్రహం లేనివారనీ తక్కువగా అంచనా వేయడం. బరువు తగ్గదలచినవారికి తోడ్పడవలసిన వ్యాయామ శిక్షకులలో కూడా ఈ ధోరణి ఉన్నట్లు పరిశోధనలలో వెల్లడైనది.

పరిశోధనలు

మనిషి పైకి చెప్పని అభిప్రాయాలను కొలవడానికి 1998లో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ బృందం 'ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్' అనే పరీక్షను ప్రచురించినది. 'లావు', 'సన్నం' అనే భావాలను మంచి, చెడు పదాలతో ఎంత వేగంగా జతపరచగలరో ఇందులో చూస్తారు.

2007లో ప్రచురితమైన న్యూజీలాండ్ అధ్యయనంలో, మనస్తత్వశాస్త్ర విద్యార్థులకంటె వ్యాయామ విద్య విద్యార్థులలో ఈ వివక్ష ఎక్కువగా కనిపించినది. వారిలోనూ మొదటి సంవత్సరం వారికంటె మూడవ సంవత్సరం వారిలో ఇది అధికం. 2008లో రాబర్ట్‌సన్, వోహొరా అనే పరిశోధకులు జిమ్ శిక్షకులలోనూ, క్రమంగా వ్యాయామం చేసేవారిలోనూ బలమైన వివక్షను గుర్తించారు. ఎన్నడూ లావుగా లేని శిక్షకులలో, బరువు పూర్తిగా మనిషి అదుపులోనిదే అని నమ్మే శిక్షకులలో ఇది మరింత ఎక్కువ. స్థూలకాయ చికిత్సా నిపుణులలో కూడా ఇది ఉన్నదని 2003 నాటి అధ్యయనం తెలిపినది.

కారణాలు

తక్కువ తిని ఎక్కువ శ్రమిస్తే ఎవరైనా సన్నబడతారన్న నమ్మకం దీనికి ముఖ్య కారణం. అయితే వంశపారంపర్యం, హార్మోనులు, కొన్ని మందులు, నిద్రలేమి కూడా బరువును ప్రభావితం చేస్తాయి. ఆకలిని అదుపుచేసే లెప్టిన్ అనే హార్మోనును 1994లో కనుగొన్నారు. అమెరికా టెలివిజన్ పోటీ 'ది బిగ్గెస్ట్ లూజర్'లో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించగా, చాలామంది తిరిగి బరువు పెరిగారు. విశ్రాంతి సమయంలో వారి శరీరం ఖర్చుచేసే శక్తి, ఉండవలసిన దానికంటె రోజుకు సుమారు 500 కిలోకెలోరీలు తక్కువగా ఉన్నది. ఈ ఫలితాలు 2016లో ప్రచురితమైనవి.

పర్యవసానాలు

బరువు గురించి అవహేళనకు గురైనవారు వ్యాయామానికి దూరంగా ఉండే అవకాశం ఎక్కువని కళాశాల విద్యార్థినులపై జరిగిన 2008 నాటి అధ్యయనం సూచించినది. దీనివలన వ్యాయామం అవసరమైనవారే దానికి దూరమవుతారు.

నివారణ

2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం స్థూలకాయంపై వివక్షను అంతం చేయాలని ఏకాభిప్రాయ ప్రకటన చేసినది. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని సూచించినది. బరువు తగ్గకపోయినా వ్యాయామం వలన రక్తపోటు, రక్తంలో చక్కెర అదుపులోకి రావడానికి తోడ్పాటు లభిస్తుంది. కావున శిక్షకులు తూకపు అంకెనే కొలమానంగా పెట్టుకొనక, ఆయాసం లేకుండా నడవగల దూరం, ఎక్కగల మెట్లు వంటివాటిని కూడా ప్రగతిగా లెక్కించడం మేలు.

ఇవి కూడా చూడండి

స్థూలకాయం
వ్యాయామం
బాడీ మాస్ ఇండెక్స్