భూగర్భలోహపరీక్షయుఁ జరిత్రశోధనమును

పూర్వకాలమున నిక్షేపములఁ గనుఁగొనుటకై పాతాళాంజనము వేయుచుండెడివారు. ఇప్పుడు కొందఱు విద్యుద్యంత్రముఁ జేతఁ బట్టి తిరుగుచున్నారు. సాధనము మాఱినది కాని దృష్టి మాఱలేదు. ఆ యంత్రము చరిత్రకు మేలు చేయునో కీడు చేయునో యనునది దానిఁ బట్టినవాని బుద్ధిపై నాధారపడి యున్నది.

1831లో ఫారడే విద్యుదయస్కాంతప్రేరణమును గనిపెట్టెను. తీఁగచుట్టలో దిశ మార్చుకొనుచుఁ బ్రవహించు విద్యుత్తు తనచుట్టును మాఱెడి యయస్కాంతక్షేత్రమును గల్పించును. అది నేలలోని లోహమును సోఁకినపుడు లోహమున సుడివిద్యుత్తులు పుట్టును. వానివలనఁ గలిగిన ప్రతిక్షేత్రమును గ్రహించి యంత్రము ధ్వనించును. 1879లో హ్యూస్ నిర్మించిన ప్రేరణతులాయంత్రమును గ్రాహంబెల్ సవరించి, 1881లో అమెరికా యధ్యక్షుఁడగు గార్‌ఫీల్డు దేహమందలి తుపాకిగుండును వెదకెను. శయ్యలోని యుక్కుతీఁగలు యంత్రమును భ్రమింపఁజేసెనని చెప్పుదురు.

అట్టి భ్రమ నేఁటికిని గలదు. ఇనుము గల మన్నును, ఱేకుముక్కయు, లాడమును యంత్రమును మ్రోగించును. వస్తువు లోఁతున నున్నకొలఁది ధ్వని శీఘ్రముగా క్షీణించును. లోహము కలదని యంత్రము చెప్పును గాని, అది తామ్రశాసనమో నిన్నటి డబ్బామూఁతయో చెప్పదు. కాలమును దెలుపునవి వస్తువున్న మట్టిపొరయు, ప్రక్కనున్న పెంకులును.

దీనికి నిదర్శన మొకటి. అమెరికాలో 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధము జరిగిన నేలపై 1983లో గడ్డి దగ్ధమయ్యెను. అటుపిమ్మటఁ బురాతత్త్వజ్ఞులు 1984లో నచ్చట లోహశోధకములతో వరుసలు దీరి నడచి, దొరకిన ప్రతి తూఁటా స్థానమును బటమున గుర్తించిరి. ఆ గుర్తులవలన యోధుల కదలికలు తెలియవచ్చెను. విలువ లేని సీసపు ముక్కలే, చోటు చెడకుండుటచే సాక్ష్యములయ్యెను.

మొగిలి కనుమకు మీఁదనున్న పలమనేరు సీమవారు దీనిని ముఖ్యముగా గ్రహింపవలెను. ఇది బాణ, గంగ, నొళంబరాజుల యేలుబడులు కలిసికొనిన సరిహద్దుసీమ. ఇట్టి సీమలలో వీరగల్లులు పోరున మడిసినవారి స్మారకములు. వానిక్రింద ధన మున్నదను భ్రమచేఁ బెల్లగించువారు కలరు. శిల కదలినచో వీరుని పేరు మిగులవచ్చును గాని, చోటు నశించును.

1878 నిక్షేపచట్టము ననుసరించి, పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినవాఁడు కలెక్టరునకు వ్రాసి తెలుపవలెను. 1958 చట్టము రక్షితస్థలములలో ననుమతి లేని త్రవ్వకమును నిషేధించుచున్నది. కాని చట్టముకంటె ముందుగా గ్రామమునకుఁ జేరఁగలవారు పాఠశాలా పండితులు. యంత్రము మ్రోగినచోటఁ బలుగు దింపక, ఆ చోటును గుర్తించి తెలుపవలెనని వారు బాలురకు బోధింతురేని, మనసీమ చరిత్రకు మహోపకార మగును.