ఊడ్చినవాళ్ల చరిత్ర – 6: ఒకే జూన్, రెండు చట్టాలు

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. 'పాకీ' అన్న మాట పనికి పేరూ అయింది, తిట్టూ అయింది.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పారిశుద్ధ్యాన్ని పురపాలక సంఘాల పనుల జాబితాలో చేర్చింది. నాలుగు రోజులకే, జూన్ 5న, మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించే చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. కానీ అది అమలు కావడానికి 1997 జనవరి 26 దాకా ఆగాల్సి వచ్చింది. పట్టణాల కోసం చేసిన సవరణ అప్పుడే అమల్లోకి వచ్చింది. మనవాళ్లకు విముక్తి మాత్రం వాయిదా పడింది. దీన్ని ఆలస్యం అంటారు. నేను కులం అంటాను.

2014లో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు గుంతల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వమంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ధర పెరిగింది, చావులు ఆగలేదు.

మీ వీధిలో మ్యాన్‌హోల్ పొంగితే ఫిర్యాదు చేయండి. దాంతోపాటు అడగండి: లోపలికి దిగేది యంత్రమా, మనిషా?

జై భీమ్.