దవడ నుంచి చెవికి చేరిన ఎముకలు

క్షీరదాల మధ్య చెవిలో కర్ణభేరి కంపనాలను లోపలి చెవికి చేరవేసే కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు చిన్న ఎముకలు వరుసగా అమరి ఉంటాయి. మొసళ్లలో, బల్లులలో, పక్షులలో ఆ పని చేసేది ఒకే ఎముక. అలాగే క్షీరదాల కింది దవడలో ఒక్కో పక్క దంతాలను మోసే డెంటరీ అనే ఎముక ఒక్కటే ఉండగా, సరీసృపాలలో అదే దవడ అనేక ఎముకల కూర్పు. చూడడానికి సంబంధం లేనట్లున్న ఈ రెండు తేడాలూ ఒకే మార్పు ఫలితాలని నిరూపించడం, వేర్వేరు జంతువుల అవయవాలను పక్కపక్కన పెట్టి పరిశీలించే తులనాత్మక శరీర నిర్మాణ శాస్త్రం 19వ శతాబ్దంలో సాధించిన గొప్ప విజయాలలో ఒకటి.

ఈ అన్వేషణకు బలమైన ప్రేరణ ఒక తప్పు జవాబు నుంచి వచ్చింది. ఏ ఎముకనైనా దాని ఆకారాన్ని బట్టి, అది చేసే పనిని బట్టి కాక, ఇరుగుపొరుగు ఎముకలతో దానికున్న అమరికను బట్టి గుర్తించాలని పారిస్ శాస్త్రజ్ఞుడు ఎత్యెన్ జొఫ్రువా సెంతిలేర్ ప్రతిపాదించి, చేపల మొప్పలను కప్పే ఎముకలే క్షీరదాల చెవి ఎముకలకు సమానమని 1818లో వాదించాడు. ఆ పోలిక నిలవలేదు గానీ, చెవి ఎముకలకు సమానమైనవి తక్కిన సకశేరుకాలలో ఎక్కడున్నాయన్న ప్రశ్న మాత్రం నిలిచిపోయింది.

ఎదిగిన జంతువుల పుర్రెలు ఎన్ని పోల్చినా తేలని ఈ విషయం పిండాల పరిశీలనతో తేలింది. క్షీరద పిండంలో కింది దవడ లోపలి అంచున సాగే ఒక మృదులాస్థి కడ్డీ, అంటే ఇంకా ఎముకగా గట్టిపడని మెత్తని కణజాలం, వెనుక కొసన చెవిలోని కూటకంతో కలిసి ఉంటుందని హాలే నగరపు యోహాన్ ఫ్రీడ్రిక్ మెకెల్ 1820లో వర్ణించాడు. నేటికీ దాన్ని మెకెల్ మృదులాస్థి అనే పిలుస్తారు. పంది పిండం మెడ భాగంలో చేపల మొప్పల చీలికలను పోలినవి కనిపిస్తాయని 1825లో మార్టిన్ రాత్కె చూపాడు. ఈ రెండు దారులనూ కలిపినవాడు కార్ల్ రైకర్ట్. 1837లో అతడు పంది పిండాల ఎదుగుదలను దశల వారీగా పరిశీలించి, కూటకమూ దాగలీ ఆ చీలికల మధ్య ఉండే వంపులలో, అంటే మొప్ప చాపాలలో, దవడలు ఏర్పడే మొదటి చాపం నుంచే పుడతాయని, కర్ణాంతరాస్థి రెండో చాపానికి చెందినదని కనుగొన్నాడు. సరీసృపాలలో కింది దవడ చివరనున్న ఆర్టిక్యులర్ ఎముక కూటకానికి, పుర్రె వైపున దానితో కీలు కట్టే క్వాడ్రేట్ ఎముక దాగలికి సమానమని తేలింది. క్షీరదాల చెవిలో కూటకమూ దాగలీ కలిసే చిన్న కీలు సరీసృపాలలో నోరు తెరిచి మూసే కీలే. డార్విన్ గ్రంథం వెలువడడానికి 22 ఏళ్ల ముందే, పరిణామవాదం ఊతం లేకుండానే ఈ నిర్ణయానికి రావడం రైకర్ట్ పరిశీలనకున్న బలాన్ని చాటుతుంది.

పరిణామ దృష్టితో చూసినప్పుడు మాత్రం ఒక గట్టి అభ్యంతరం ఎదురైంది. దవడ కీలే చెవిలోకి జరిగిపోతే మధ్య కాలపు జంతువు ఏ కీలుతో నమిలిందన్నది ఆ అభ్యంతరం. రైకర్ట్ సిద్ధాంతాన్ని 1913లో ఎర్న్‌స్ట్ గౌప్ విస్తారంగా సమర్థించినా, ఈ ప్రశ్నకు తిరుగులేని జవాబు శిలాజాల నుంచే రావలసి ఉంది. క్షీరదాల పూర్వ బంధువులైన సైనోడాంట్లలో డెంటరీ క్రమంగా పెద్దదై, నమిలే కండరాలను తనపైకి తెచ్చుకోవడంతో, వెనుక ఎముకలపై భారం తగ్గి అవి సన్నబడ్డాయి. దక్షిణాఫ్రికాలో దొరికిన ఒక జంతువుకు 1958లో క్రాంప్టన్ డయార్త్రోగ్నాథస్, అంటే రెండు కీళ్ల దవడది, అని పేరు పెట్టాడు. పాత కీలు ఉండగానే దాని పక్కన డెంటరీ పుర్రెను తాకుతూ కొత్త కీలు ఏర్పడినట్లు అతడు గుర్తించాడు. వేల్స్‌లో లభించి 1949లో పేరు పొందిన మార్గనుకోడాన్‌లో, సుమారు 20 కోట్ల ఏళ్ల కిందటి ఆ చిన్న జంతువులో, ఈ రెండు కీళ్లూ మరింత స్పష్టంగా పక్కపక్కనే పనిచేశాయి. చైనాలో దొరికి 2007లో వర్ణితమైన యానోకోనోడాన్‌లో చెవి ఎముకలు దాదాపు నేటి రూపానికి వచ్చినా, గట్టిపడిన మెకెల్ మృదులాస్థి వాటిని ఇంకా దవడకు కట్టే ఉంచింది. మధ్య దశలో జీవించడం అసాధ్యమన్న వాదాన్ని మధ్య దశలో జీవించిన జంతువులే కొట్టివేశాయి. సజీవ సాక్ష్యమూ లేకపోలేదు: అపోసమ్ వంటి సంచి క్షీరదాల పిల్లలు పుట్టేనాటికి డెంటరీ కీలు ఇంకా ఏర్పడకపోవడంతో, కొన్ని వారాల పాటు వాటి దవడకు ఆధారం కూటకమూ దాగలీ కలిసిన పాత కీలే.

తెలుగు నేలకు ఈ చరిత్రలో నిజమైన భాగముంది. ప్రాణహిత–గోదావరి లోయలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి రాళ్లలో దొరికిన సైనోడాంట్‌కు 1982లో ఎక్సెరిటోడాన్ స్టాటిస్టికే అని పేరు పెట్టారు; అంతకంటే తరువాతి కాలపు కోట రాళ్ల నుంచి కోటాథీరియం హాల్డేనై 1981లో, ఇండోథీరియం ప్రాణహితై 1984లో ఆదిమ క్షీరదాలుగా వెలుగు చూశాయి. ఈ చివరి రెండూ దంతాల ఆధారంగా గుర్తించినవి. దంతం జంతువు తిండినీ బంధుత్వాన్నీ తెలుపుతుంది గానీ, దాని చెవి దవడ నుంచి విడిపోయిందో లేదో చెప్పలేదు. అందుకు డెంటరీ వెనుక భాగం, దాని లోపలి వైపున సన్నని ఎముకలు ఒదిగే గాడితో సహా, దొరకాలి.