పక్క మంచం రోగి - టొరంటో, 2003

కరోనాకు 17 ఏళ్ల ముందు, 2003లో, కెనడాలోని టొరంటో నగరం సార్స్ అనే జబ్బుతో అల్లాడింది. అది కూడా కరోనా జాతి వైరస్సే. కానీ అక్కడ ఆ జబ్బు ఎక్కువగా వ్యాపించింది సంతల్లోనో బడుల్లోనో కాదు, ఆసుపత్రుల్లో!

హాంకాంగ్ వెళ్లొచ్చిన ఒక పెద్దావిడ మార్చి 5న ఇంట్లోనే చనిపోయింది. ఆమె కొడుకు మార్చి 7న స్కార్‌బరో గ్రేస్ ఆసుపత్రికి వచ్చాడు. వార్డుకు పంపేదాకా అతన్ని రాత్రంతా ఎమర్జెన్సీలోనే ఉంచి, మందును ఆవిరిగా పట్టించారు. అప్పట్లో అది మామూలు వైద్యమే. సార్స్ అన్న పేరు కూడా ఇంకా పెట్టలేదు. దగ్గరి మంచాల మీద వేరే జబ్బులతో వచ్చినవాళ్లు పడుకున్నారు. మధ్యలో అడ్డం ఒక పరదా, అంతే.

వాళ్లలో ఇద్దరికి సార్స్ అంటుకుంది. ఇద్దరూ ఇంటికెళ్లి, కొన్ని రోజులకే మళ్లీ అదే ఆసుపత్రికి వచ్చారు. ఒకాయన గుండెపోటుతో వచ్చాడు. ఆయన్ని అక్కడినుంచి యార్క్ సెంట్రల్ అనే ఇంకో ఆసుపత్రికి మార్చారు. ఆయన హాంకాంగ్ వెళ్లినవాడు కాదు, సార్స్ రోగికి చుట్టమూ కాదు. మరి ఎవరికి అనుమానం వస్తుంది? ఆయనతోపాటు జబ్బు కూడా అంబులెన్సు ఎక్కింది. మార్చి 26న ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది, 28న యార్క్ సెంట్రల్ తలుపులు మూసుకుంది.

మే నెలకు అంతా సద్దుమణిగిందనుకున్నారు. 17న ఎమర్జెన్సీ ఎత్తేశారు, జాగ్రత్తలు సడలించారు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ తర్వాతి భాగమే. నార్త్ యార్క్ జనరల్ ఆసుపత్రిలో ఎముకల వార్డు రోగులకు జ్వరాలొస్తున్నాయి. ఆపరేషన్ తర్వాత జ్వరం మామూలేగా అనుకున్నారు. ఇది సార్సేమోనని నర్సులు చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదని తర్వాత వేసిన విచారణ కమిషన్ రాసింది. రోజూ రోగి ఒళ్లు ముట్టుకుని చూసేది నర్సే కదా, ఆమె మాటకు అంత తక్కువ విలువా? ఆ ఆసుపత్రి నుంచి కోలుకోవడానికని వేరే ఆసుపత్రికి పంపిన ఒక రోగి ద్వారా అక్కడా జ్వరాలు మొదలయ్యాయి. మే 20న అక్కడివాళ్లు గుర్తించి వెనక్కి తీగ లాగితే, డొంకంతా నార్త్ యార్క్‌లో కదిలింది.

మొత్తం 44 మంది చనిపోయారు. వాళ్లలో ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు ఉన్నారు.

ఆ ఏడాదే ఒంటారియో రాష్ట్రంలో ఒక కొత్త కేంద్రం పెట్టారు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి రోగిని పంపాలంటే ముందుగా జ్వరం, దగ్గు వంటి వివరాలు ఆ కేంద్రానికి చెప్పి, ఒక అనుమతి నంబరు తీసుకోవాలి. నంబరు వచ్చాకే బండి కదలాలి.