ముందు నేల, తర్వాత ప్లాను: వాడలో ఇంటి అనుమతి చరిత్ర

ఇల్లు కట్టుకోవటానికి అనుమతి అనగానే మనకు పంచాయతీ ఆఫీసు, మునిసిపాలిటీ, ప్లాను గీసే ఇంజనీరు గుర్తొస్తారు. కానీ దళితవాడకు అనుమతి అన్న మాట ఈ ఆఫీసులన్నిటికంటే పాతది. ఆ పాత అనుమతి చరిత్ర చూడకుండా ఇవాళ్టి దరఖాస్తు ఎక్కడ ఆగిపోతున్నదో అర్థం కాదు.

మనుస్మృతి పదో అధ్యాయం చండాలుర నివాసం ఊరి బయట ఉండాలని శాసించింది. ఎక్కడ ఉండాలో చెప్పిన కులవ్యవస్థే ఎలాంటి ఇంట్లో ఉండాలో కూడా చెప్పింది. తిరువితాంకూరులో 19వ శతాబ్దంలో తాటిచెట్లు గీసే నాడార్లు మేడ కట్టుకోకూడదనే కట్టడి ఉండేది. అంటే ఇంటి ఎత్తును నిర్ణయించింది గోడ బలం కాదు, కులం. అదీ ఒక భవన నిబంధనే. దాన్ని కాగితం మీద రాయాల్సిన పనిలేకపోయింది, అంతే.

గుడిసె వేసుకోనిచ్చిన చోటయినా కింద నేల ఎవరిది? చాలాచోట్ల ఆసామిది, దొరది. పనిలో ఉన్నన్నాళ్లే గుడిసె. ఎదురు మాట్లాడితే పనీ పోయె, నీడా పోయె. కోస్తా జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు రాజధానిలో 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్ శాఖకు అప్పగించిన పనుల్లో అణగారిన కులాలకు ఇంటిస్థలాలు చూపటం ఒకటి. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం, వెట్టి నుంచి విడుదలైన మనిషిని అతడుంటున్న ఇంటి నుంచి వెళ్లగొట్టరాదని విడిగా ఒక సెక్షన్ పెట్టుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది మన రాష్ట్రంలో ఇతరుల భూమిలో ఇల్లు వేసుకున్నవాళ్లకు ఆ స్థలంపై హక్కు కల్పించే చట్టం వచ్చింది. ఈ చట్టాలు ఎంత అమలయ్యాయన్నది వేరే చర్చ. అవి ఒప్పుకున్న నిజం మాత్రం మనకు ముఖ్యం: ఇల్లు మనదైనా నేల మనది కాదు.

1955 అంటరానితనం నేరాల చట్టం నాలుగో సెక్షన్ ఇంకో నిజం ఒప్పుకుంది. ఏ ప్రాంతంలోనైనా నివాసం కట్టుకోవటానికి, కొనుక్కోవటానికి, అందులో ఉండటానికి అంటరానితనం పేరుతో అడ్డుపడటం శిక్షించదగ్గ నేరమంది. అడ్డుపడేవాళ్లు లేకపోతే ఆ మాట చట్టంలోకి ఎందుకొస్తుంది?

ఇక ఇవాళ్టి దరఖాస్తు చూద్దాం. ప్లాను అనుమతి గోడతో మొదలు కాదు, దస్తావేజుతో మొదలవుతుంది. రిజిస్టరు కాగితం, దాని వెనక లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఆ తర్వాతే ప్లాను. తాత కొన్న స్థలం ఉన్నవాడికి ఇది ఒక పూట పని. తాతను కొననివ్వని ఊళ్లో మనవడు ఏ లింకు తేవాలి? చాలామంది ఇళ్లు గ్రామకంఠంలోనో పోరంబోకులోనో ఉన్నాయి. పొలాలకు సర్వే నంబర్లు వేసిన ప్రభుత్వం గ్రామకంఠంలో ఒక్కొక్క ఇంటినీ విడిగా కొలవలేదు. ఇంటిపన్ను రసీదు చూపిస్తే, పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదంటారు. పన్ను పుచ్చుకునేటప్పుడు మాత్రం హక్కు సంగతి అడగరు.

డి-ఫారం పట్టా ఉన్నవాళ్ల కథ మరొకటి. పేదలకిచ్చిన భూమిని, ఇంటిస్థలాన్ని ఇతరులకు బదలాయించకూడదని 1977 చట్టం చెప్పింది. పెత్తందార్లు కాజేయకుండా కాపాడటానికి అది అవసరమే. కానీ అమ్మే హక్కు లేని స్థలాన్ని చూసి అప్పిచ్చేవాళ్లు వెనకాడతారు. కాపలాగా పెట్టిన చట్టమే ఇంకోవైపు గోడయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి వచ్చిన సవరణలు ఇంటిస్థలాలకు కొంత సడలింపు ఇచ్చాయి.

మార్పులు రాలేదని మనం అనటం లేదు. తెలంగాణలో 2014 చివర్లో వచ్చిన 58వ నంబరు జీవో, ప్రభుత్వ స్థలంలో ఇల్లు వేసుకున్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరణకు దారి తెరిచింది. 2020లో పట్టణాల కోసం తెచ్చిన చట్టం, 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు పైకి వేసుకునే వరకు అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలంది. అయితే ఆ రూపాయి కట్టేవాడు స్థలం తనదేనని, ప్రభుత్వ భూమి కాదని సొంత హామీ ఇవ్వాలి. రుసుము తగ్గింది, మొదటి ప్రశ్న మారలేదు. అదే ఏడాది కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం డ్రోన్లతో ఊరి ఇళ్లను కొలిచి కార్డులిస్తానంది. ఆ కొలత వాడ చివరి గుడిసె దాకా వస్తుందా, కార్డు మీద ఎవరి పేరు పడుతుందన్నది మనం దగ్గరుండి చూసుకోవాల్సిన పని.

నిబంధనలే వద్దనటం మన వాదన కాదు. గాలి, వెలుతురు, మురుగు పోయే కాలవ, ఫైరింజను పట్టే దారి మన వాడలకే ఎక్కువ కావాలి. కానీ తరాలు పెరిగినా వాడకిచ్చిన జాగా పెరగలేదు. అన్నదమ్ములు గోడకు గోడ ఆనించి కట్టుకున్నారు. ఇందిరా ఆవాస్ యోజన ఇంటికి లెక్కగట్టిన వైశాల్యం ఇరవై చదరపు మీటర్లు. అందులో నాలుగు వైపులా ఖాళీ ఎక్కడ వదులుతాం? జాగా ఇవ్వని చరిత్రను పక్కనబెట్టి, ఖాళీ వదల్లేదని నోటీసు అంటించటం న్యాయం కాదు.

అక్రమ కట్టడం అన్న మాట విన్నప్పుడల్లా మనం ఒక ప్రశ్న వెయ్యాలి. అక్రమం ఇల్లు కట్టటంలో ఉందా, కింద నేల దక్కనివ్వకపోవటంలో ఉందా? ముందు నేలకు కాగితం ఇవ్వండి. ప్లాను మనమే గీయించుకుంటాం.