ఆగి ఉన్నప్పుడు ఒకటి, కదిలేటప్పుడు మరొకటి: ఘర్షణ నియమాల చరిత్ర

స్థైతిక ఘర్షణ గుణకం, గతిక ఘర్షణ గుణకం అనే రెండు రాశులను గత భాగంలో నిర్వచించుకున్నాం. మొదటిది సాధారణంగా రెండో దానికంటే ఎక్కువని కూడా చెప్పుకున్నాం. లెక్కలు చేయడానికి ఆ మాట చాలు. అయితే అవే రెండు తలాల మధ్య ఘర్షణకు రెండు విలువలు ఎందుకు ఉండాలి? ఆ సంగతి మొదట ఎవరికి, ఎలా తట్టింది? ఈ ప్రశ్నలు మీరు వేసుకోవాలి. ఘర్షణ నియమాలు న్యూటన్ గమన నియమాల వంటివి కావు. ఇవి కొలతల నుంచి పుట్టాయి, ఆ కొలతల హద్దుల్లోనే పనిచేస్తాయి.

ఘర్షణ బరువుకు అనుపాతంలో ఉంటుందనీ, తాకే వైశాల్యంపై ఆధారపడదనీ లియొనార్డో డా విన్సి (1452–1519) తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. అవి అచ్చు కాలేదు కాబట్టి తరవాతి వారికి అందలేదు. అవే రెండు నియమాలను 1699లో గిలోం అమోంటన్ పారిస్ రాయల్ సైన్స్ అకాడమీ ముందు పెట్టాడు. చిన్న వయసులోనే వినికిడి కోల్పోయిన ఈయన పరికరాల తయారీలో దిట్ట. రాగి, ఇనుము, సీసం, చెక్క తలాలకు పంది కొవ్వు పూసి, స్ప్రింగుతో అదిమి, లాగి చూశాడు. అదిమిన బలంలో సుమారు మూడో వంతు ఉంటే జారుతున్నాయని తేల్చాడు. అన్ని జతలకూ దాదాపు ఒకే విలువ రావడానికి ఆ కొవ్వే కారణం కావచ్చు.

బరువు గురించి చెప్పినదాన్ని అకాడమీ సభ్యులు సులువుగానే ఒప్పుకున్నారు. వైశాల్యం సంగతి మాత్రం వారికి మింగుడు పడలేదు. ఇటుకను పడుకోబెట్టి లాగినా, నిలబెట్టి లాగినా ఒకే బలం చాలునంటే ఎవరికైనా అనుమానమే కదా! ఫిలిప్ ద లా హైర్ ప్రయోగాలు మళ్ళీ చేసి, అమోంటన్ చెప్పింది నిజమేనని చూపాడు. ఇంత జరిగినా, ఆగిన వస్తువును కదపడం వేరు, కదిలేదాన్ని నడపడం వేరు అన్న తేడా ఆ నియమాల్లోకి రాలేదు.

ఆ తేడాను స్పష్టంగా పట్టుకున్నవాడు లియొనార్డ్ ఆయిలర్. బెర్లిన్ అకాడమీ 1748 సంపుటంలో, అంటే 1750లో అచ్చయిన దానిలో, ఆయన వ్యాసాలు కనిపిస్తాయి. ఆయన వాదన కాగితం మీదే అర్థమవుతుంది, మీరూ చేసి చూడండి. ఒక వాలు తలం మీద దిమ్మ ఉంది, ఘర్షణ గుణకం 0.5. కోణం 26.6 డిగ్రీలు దాటగానే దిమ్మ జారాలి. ఇప్పుడు కోణాన్ని 27 డిగ్రీలు చేశాం. కదిలాక కూడా గుణకం 0.5గానే ఉంటే త్వరణం సెకను వర్గానికి సుమారు 0.08 మీటర్లు మాత్రమే. 2 మీటర్లు జారడానికి 7 సెకన్లు పట్టాలి. అంటే దిమ్మ నత్తలా పాకాలి. నిజంగా అలా పాకుతుందా? కదలనంతసేపూ కదలదు, కదిలిందంటే చప్పున జారిపోతుంది. గుణకం 0.4కు పడిపోతే అదే దూరానికి 2 సెకన్లు చాలు. కాబట్టి కదలిక మొదలవగానే ఘర్షణ తగ్గుతున్నదని ఆయిలర్ నిర్ణయించాడు. జారిన కాలాన్ని బట్టి గతిక గుణకాన్ని లెక్కకట్టే దారి కూడా చూపాడు. మనం వాడే మ్యూ అనే గుర్తును మనకిచ్చింది కూడా ఆయనే.

ఇక్కడ ఒక మాట. పరీక్ష పత్రాలు దిద్దిన ఇన్నేళ్ళలో నా ఎర్రసిరా ఎక్కువగా ఖర్చయింది ఒక్క విషయం దగ్గరే. స్థైతిక గుణకాన్ని అభిలంబ బలంతో గుణిస్తే వచ్చేది ఘర్షణ కాదు, ఘర్షణకు ఉన్న గరిష్ఠ హద్దు. అభిలంబ బలం 100 న్యూటన్లు, గుణకం 0.5 అనుకోండి. దిమ్మను మీరు 20 న్యూటన్లతో తోస్తే ఘర్షణ 20 న్యూటన్లే, 50 కాదు. 50 అయితే దిమ్మ మీ మీదికే రావాలి!

ఆయిలర్ తర్కంతో చూసినదాన్ని కొలిచి చూపినవాడు షార్ల్ కులూమ్. విద్యుత్ బలాల నియమంలో మీరు చదివిన కులూమ్ ఈయనే. వృత్తిరీత్యా సైనిక ఇంజనీరు. మార్టినిక్ దీవిలో కోట కడుతూ ఆరోగ్యం పోగొట్టుకుని ఫ్రాన్సు తిరిగి వచ్చాడు. ఆ రోజుల్లో పారిస్ అకాడమీ ఘర్షణపై బహుమతి ప్రకటించింది. చిన్న ముక్కలతో కాదు, పెద్ద ఎత్తున ప్రయోగాలు చేయాలనీ, ఫలితాలు నౌకాదళంలో వాడే కప్పీలకూ వాలు తలాలకూ పనికి రావాలనీ షరతు పెట్టింది. మొదటిసారి బహుమతికి తగిన వ్యాసం రాలేదు. బహుమతిని రెట్టింపు చేసి మళ్ళీ ప్రకటించగా, 1781లో కులూమ్ గెలుచుకున్నాడు. రోష్‌ఫోర్ ఓడల నిర్మాణ కేంద్రంలో ఆయన చేసిన ప్రయోగాలే దీనికి ఆధారం.

ఆయన వేసుకున్న ప్రశ్న నాకు చాలా ఇష్టం: లాగే ముందు దిమ్మ ఎంతసేపు కదలకుండా కూర్చుంది? చెక్క మీద చెక్క ఉంచితే, కదపడానికి కావలసిన బలం మొదటి కొద్ది నిమిషాల్లో పెరిగి తరవాత నిలకడకు వచ్చింది. చెక్క మీద లోహం ఉంచితే ఆ పెరుగుదల రోజుల తరబడి సాగింది. లోహం మీద లోహం ఉంచినప్పుడు వేచి ఉన్న కాలం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఓడలు కట్టేవారికి ఇది ఊరికే తెలుసుకునే ముచ్చట కాదు. కొవ్వు పూసిన చెక్క వాలు మీద నెలల తరబడి కూర్చున్న ఓడను నీటిలోకి దించాలి. మొదటి కదలికకే బలం చాలకపోతే ఓడ అక్కడే బిగుసుకుపోతుంది. దానికోసం వాలు మరీ పెంచితే, కదిలాక దాన్ని ఆపడం కష్టం.

కారణం చెప్పవలసి వచ్చినప్పుడు కులూమ్ రెండు బ్రష్షుల కుచ్చుల్లా తలాల గరుకుతనం ఒకదానిలో ఒకటి దిగుతుందన్నాడు. తలాలు అంటుకోవడమే కారణమైతే వైశాల్యంతో పాటు ఘర్షణ పెరగాలి కదా అని ఆ ఆలోచనను దాదాపు పక్కన పెట్టాడు. 1804లో జాన్ లెస్లీ దీనికి గట్టి అభ్యంతరం చెప్పాడు. గరుకు మెట్టు ఎక్కడానికి పెట్టిన శ్రమ, దిగేటప్పుడు తిరిగి రావాలి. మరి శక్తి ఎక్కడికి పోతున్నట్టు?

జవాబు ఇరవయ్యో శతాబ్దం దాకా రాలేదు. కేంబ్రిడ్జిలో బౌడన్, టేబర్ చూపినదేమిటంటే, రెండు తలాలు నిజంగా తాకేది అక్కడక్కడ ఉన్న శిఖరాల కొనల దగ్గరే. కంటికి కనిపించే వైశాల్యంలో అది అతి స్వల్ప భాగం. బరువు పెంచితే కొనలు నలిగి ఆ నిజ వైశాల్యం అనుపాతంలో పెరుగుతుంది. కొనలు అక్కడ అంటుకుంటాయి, జారాలంటే ఆ అతుకులు తెగాలి. అంటే ఘర్షణ వైశాల్యంపై ఆధారపడుతుంది, కానీ మనం స్కేలుతో కొలిచే వైశాల్యంపై కాదు. అమోంటన్ నియమం నిలిచింది, కులూమ్ పక్కన పెట్టిన ఆలోచనా నిలిచింది.

వేచి ఉన్నకొద్దీ ఆ కొనలు నెమ్మదిగా ఇంకా నలుగుతాయి, తాకే చోటు పెరుగుతుంది. 1972లో జేమ్స్ డైటరిచ్ రాళ్ళను ఒకదానిపై ఒకటి అదిమి ఉంచి కొలిచినప్పుడు, వేచి ఉన్న కాలపు లాగరిథంతో పాటు స్థైతిక ఘర్షణ పెరుగుతున్నట్టు తేలింది. భూకంపాలను అధ్యయనం చేసేవారు నేడు భ్రంశ తలాల గురించి వేసే లెక్కల్లో, కులూమ్ ఓడల కేంద్రంలో వేసుకున్న ఆ ‘ఎంతసేపు?’ అనే ప్రశ్నకు చోటుంది.